పక్క వరసకి జరగండి

క్లారీ ఫోను పెట్టేసి ఒక బూటు తొడుక్కునే లోపలే అతని భార్య నొరీన్ తోలుసంచి బల్ల మీద పెట్టి జిప్పు లాగింది.

"ఎక్కడట?"

"ఉప్పుమడుగు దాటాక, పెద్దరోడ్డు మీద. ఎవరో ముసలి దంపతులు. కారవాన్ చక్రం ఊడిపోయిందట. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను."

"అలా అన్నవాళ్లకే ఎక్కువ సామాను కావాలి."

రెండు జతల మేజోళ్లు పెట్టింది. రక్తపోటు మాత్రలు పెట్టింది. పట్టపగలు టార్చిలైటు పెట్టింది. అన్నిటికీ అడుగున ఉతికి మడతపెట్టిన డ్రాయరు ఒకటి పెట్టింది, ఒకవేళ ఆసుపత్రిలో నర్సులు ప్యాంటు కత్తిరించాల్సి వస్తే పరువు పోకుండా. బూరాలిన్ ఊరు మొత్తానికి, చెడిన బండ్లని లాక్కొచ్చే టోయింగ్ లారీ క్లారీదొక్కటే. ఎన్నో ఏళ్లుగా ఆ డ్రాయరు లారీలో వెళ్లి లారీలోనే ఇంటికొస్తోంది. తొడుక్కోకుండానే పాతబడిపోతే నొరీన్ ఒకసారి కొత్తది మార్చింది కూడా.

"ఇంత సామాను పెట్టావు, తిండేదీ?" అన్నాడు క్లారీ.

"గుడ్డూ పందిమాంసం కూరిన పై రొట్టె పొయ్యిలో ఉంది. మీది పొర ఇంకా ఎర్రబడలేదు. నేను తెచ్చి ఇస్తాను."

రెండో బూటు తాడు కడుతున్న క్లారీ చేతులు ఆగిపోయాయి. "అక్కర్లేదులే. వచ్చి తింటాను."

"వచ్చి తింటాడట! పోయినసారి కూడా ఇదే మాటన్నావు. దీపాలు పెట్టాక వచ్చావు."

"చల్లారినా నీ పై బాగానే ఉంటుంది నొరీన్."

"తెచ్చిస్తానన్నానా?"

అతను సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆమె అతని కాలరు సర్ది, "నలిగిపోకుండా రా," అంది. ఆమె వీడ్కోలు ఎప్పుడూ ఆ ఒక్క మాటే. అది కూడా రోజుకి ఒక్కసారే. ఒకే మనిషికి ఒకే రోజు రెండోసారి వీడ్కోలు చెబితే ఆ రెండోది నిజమైపోతుందని ఆమె నమ్మకం. అందుకే క్లారీ ఏదైనా మరిచిపోయి వెనక్కొస్తే, ఇవ్వాల్సింది కిటికీలోంచి ఇచ్చి, రెక్క మూసి, అతను వెళ్లేదాకా తెర వెనక నిలబడేది.

కారవాన్ దంపతులు దేశం అటు చివరి క్వీన్స్‌లాండ్ నుంచి, కారు వెనక గదిలాంటి ఆ బండి తగిలించుకుని, దేశం చూడడానికి బయల్దేరినవాళ్లు. ఆవిడ మడతకుర్చీ వేసుకుని అల్లుకుంటోంది. ఆయన మాత్రం క్లారీ లారీ దిగగానే సలహాలు మొదలుపెట్టాడు. క్లారీ ముందు లారీ నెత్తిమీద తిరిగే పసుపు దీపాలు వేశాడు. రోడ్డంచున నారింజ రంగు కోన్లు దూరం దూరంగా పెట్టుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాతే పని. బండ్లని ఎక్కించే లారీ బల్లని వెనక్కి జార్చి, ఒక కొస నేలకి ఆన్చాడు. కారవాన్ ఇరుసు కింద చెక్క దిమ్మలు పెట్టి, బండిని పైకి లాగే వించి యంత్రం తాడు కొక్కెం తగిలించాడు.

"కొంచెం ఎడమకి లాగితే బావుంటుందేమో," అన్నాడు క్వీన్స్‌లాండ్ ఆయన.

"బావుంటుంది. చక్రం ఉంటే," అన్నాడు క్లారీ.

పక్కనుంచి బండ్లు పోతున్నాయి. ఆ మార్చిలో కొత్త చట్టం వచ్చింది. దారి పక్కన దీపాలు తిప్పుకుంటూ ఆగిన పోలీసుబండి, అంబులెన్సు, టోయింగ్ లారీ, ఏది కనిపించినా గంటకి నలభై కిలోమీటర్లకి నెమ్మదించాలి. వీలుంటే రోడ్డు మీద పక్క వరసకి జరిగిపోవాలి. కొందరు జరుగుతున్నారు. కొందరు క్లారీ వైపు స్టీరింగు మీంచి పలకరింపుగా ఒక వేలు మర్యాదగా లేపి, వచ్చిన వేగంతోనే పోతున్నారు. పెద్ద లారీ పోయినప్పుడల్లా గాలికి టోపీ ఎగరబోతుంది. క్లారీ దాన్ని మోచేత్తో అదుముకుని పని చేసుకుంటున్నాడు. ఆ గాలి అతనికి అలవాటే.

అలవాటు కానిది ఒక్కటే ఉంది. అదిప్పుడు తెల్లగా, నత్తనడకన, రోడ్డంచు గీతని ఒరుసుకుంటూ వస్తోంది.

నొరీన్ కారు ఆపదు. ఆపితే మళ్లీ వీడ్కోలు చెప్పాల్సి వస్తుంది. అందుకే ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. ఎడమ కిటికీ దించుతుంది. కొసన మేకు వంచిన చీపురుకర్రకి భోజనం సంచి తగిలిస్తుంది. కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేత్తో కర్రని పక్క సీటు మీదుగా బయటికి చాపుతుంది. మనిషి నడిచేంత వేగంతో క్లారీ పక్కనుంచి పోతుంది. పరుగు పందెంలో కర్ర అందుకున్నట్టు అతను సంచి లాక్కుని, కారు డిక్కీ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరుస్తాడు. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోరు. ఊళ్లో అందరూ ఎరిగిన ముచ్చటే ఇది.

క్లారీ సంచి లాక్కున్నాడు. డిక్కీ మీద రెండు చరిచాడు. వెంటనే కారు వెనక్కి చూశాడు. మూడు ట్రైలర్ల గోధుమ లారీ ఒకటి ఆఖరి నిమిషంలో పక్క వరసకి కోసుకుని, హారను మోగిస్తూ పోయింది. మడతకుర్చీలో ఆవిడ చేతిలోంచి నూలు ఉండ ఎగిరి కంచె దాకా దొర్లింది.

అప్పుడే చెట్ల చాటు నుంచి పోలీసు కారు బయటికొచ్చింది.

కానిస్టేబుల్ టీగ్ అనే ఆ అమ్మాయి ఇంగ్లండు నుంచి వచ్చి ఏడాది అయింది. ముక్కు ఇంకా ఎండకి పొట్టు రాలుతూనే ఉంది. నొరీన్ కారుని ముందుకెళ్లి ఆపి, కిటికీ దగ్గర వంగింది. క్లారీ కొక్కెం వదిలేసి అటు పరుగెత్తాడు.

"నొరీన్ గారూ, ఇంజను ఆపండి."

"ఆపను. మా ఆయన ఇటే వస్తున్నాడు. ఆపితే మళ్లీ వీడ్కోలు చెప్పాలి. పై తింటావా అమ్మాయ్? పెద్ద ముక్కే పెట్టాను, మా ఆయన సగమిస్తాడు."

"మీకు జరిమానా నోటీసు రాస్తున్నానండీ."

"నాకా? దేనికి?"

"పక్క వరస ఖాళీగా ఉండి కూడా మీరు జరగలేదు."

"నేను పదిలో వచ్చాను. నీ చట్టం నలభై అంటుంది. అంటే ఇంకా ముప్పై నువ్వే నాకు బాకీ."

"నెమ్మదించడం ఒక్కటే కాదు. జరగాలి కూడా. మీరు జరిగారు, కాదనను. అటు జరగాల్సింది ఇటు జరిగారు."

"మొగుడు ఇటుంటే అటెందుకు జరుగుతాను?"

టీగ్ పెన్ను నుదుటికి ఆనించుకుంది. "మా ఆయన పక్కనుంచి ఒక్కడూ జరగడం లేదు, ఒక్కణ్ణయినా పట్టుకున్నావా అని ప్రతి సోమవారం స్టేషనుకొచ్చి అడుగుతున్నది మీరే కదండీ. మీ పోరు పడలేకే ఇవాళ క్లారీ గారి లారీ వెనకాలే వచ్చి ఆ చెట్ల కింద చీమలతో కుట్టించుకుంటూ కూర్చున్నాను. వేగంగా పోయినవాళ్ల నంబర్లు రాసుకున్నాను, చేతికి దొరికింది మాత్రం మొదట మీరే."

"ఇందాక నీలం కారు పోయింది. అదేం చేసింది?"

"నెమ్మదించింది. జరిగింది. వేలు కూడా లేపింది."

నొరీన్ నీలం కారు పోయిన వైపు చూసింది. క్లారీ ఎగశ్వాసతో వచ్చి చేరి, "వదిలెయ్ టీగ్, ముసలిది," అన్నాడు. అది మాత్రం నొరీన్‌కి స్పష్టంగా వినిపించింది.

"ముసలిది ఎవరు?"

టీగ్ నోటీసుతోపాటు చీపురుకర్ర కూడా తీసుకుపోయింది.

అసలు గొడవ పాయింట్లది, ట్రాఫిక్ తప్పు చేసిన ప్రతిసారీ లైసెన్సు మీద పడే లెక్క. క్లారీ మరిచిపోయిన పళ్లసెట్టు అందివ్వడానికి వేగంగా వెళ్లి నొరీన్ ఒకసారి పట్టుబడింది. తను పళ్లసెట్టు మరిచిపోలేదని క్లారీ ఫోన్ చేస్తే, నడుపుతూనే ఆ ఫోను ఎత్తి ఇంకోసారి పట్టుబడింది. ఇప్పుడు ఇది కూడా పడితే లైసెన్సు పోతుంది. బూరాలిన్‌లో లైసెన్సు లేని మనిషి వాకిట్లో కోడితో సమానం. డాక్టరు, పెద్ద బజారు, నొరీన్ చెల్లెలు, అన్నీ గంటకి పైగా దూరం. క్లారీ రోడ్డు మీద ఉన్నప్పుడు అతన్ని ఒక్క చూపు చూసి రావాలన్నా కారే కావాలి. అన్నిటికంటే ఆమెకి అదే కావాలి.

"కోర్టుకెళ్తాను," అంది ఆ సాయంత్రం బంగాళాదుంపలు తొక్కతీస్తూ. తొక్కతోపాటు సగం దుంప పోతోంది. "వచ్చే బుధవారం మేజిస్ట్రేటు మనూరొస్తుంది. నువ్వే నా సాక్షివి."

"నేనా? నేనేం చెప్పాలి?"

"ఉన్నదే చెప్పు. ఆ చట్టం ఎందుకు పెట్టారు? దారి పక్కన పని చేసేవాడు భయం లేకుండా పని చేసుకోవాలని. నేను పక్కనుంచి పోతే నీకు భయమేంటి? భయం లేదన్నాక ఇక తప్పేముంది? 'నా భార్య దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఏ భయమూ లేదు.' అంతే. ఏదీ, అను."

క్లారీ గొంతు సవరించుకున్నాడు. "నా భార్య దగ్గరికి వచ్చినప్పుడు... నాకు..."

"ఊఁ."

"పొయ్యి మీద ఏదో మాడుతోంది నొరీన్."

ఏమీ మాడడం లేదు. గురువారం నుంచి మంగళవారం దాకా ఆ వాక్యం ఇంట్లో నాలుగో మనిషిలా తిరిగింది, మూడోది కుక్క. నొరీన్ గరిటె పైకెత్తి ప్రమాణం చేయించేది. క్లారీ "నాకు" దాకా వచ్చి తుమ్మేవాడు. లేదా కుక్కని పిలిచేవాడు. ఒకసారి "ఏ భయమూ" దాకా వచ్చి, అక్కడినుంచి టైర్ల రబ్బరు ధరల్లోకి వెళ్లిపోయాడు.

"పదం పదం మింగుతావేం? స్కూల్లో కూడా ఇంతేనా నువ్వు?"

"ఇంతకంటే అధ్వాన్నం."

షెడ్డులో ఒంటరిగా ఉన్నప్పుడు వించికి గ్రీజు పూస్తూ కూడా ప్రయత్నించాడు. ఇనుముతో చెప్పినా ఆ మాట నోటికి రాలేదు. గొలుసులు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి కొక్కేలకి తగిలించాడు. అబద్ధం ఆడడం అతనికి చేతకాక కాదు. చేపల విషయంలో జీవితమంతా ఆడాడు. కానీ కోర్టులో ఈ అబద్ధం నెగ్గిందనుకో, నొరీన్ ఆ మర్నాడే కొత్త చీపురుకర్ర కొంటుంది. నిజం చెప్పాడనుకో, ఆమె లైసెన్సు పోతుంది, చెప్పింది తన మొగుడే అవుతాడు. గ్రీజు డబ్బా మూత ఎటు తిప్పినా సరిగ్గా పడలేదు. అలాగే వదిలేసి ఇంట్లోకొచ్చాడు.

బుధవారం ఊరి హాల్లో కోర్టు పెట్టారు. నేల మీద బ్యాడ్మింటన్ గీతలున్నాయి. మేజిస్ట్రేటు డన్‌ఫీ గారు నెట్టు కట్టే చోట బల్ల వేయించుకుని కూర్చుంది. ఆవిడ ముందు చీపురుకర్ర, దానికి కట్టిన చీటీ. ఊళ్లో సగం మంది వచ్చారు. కోతలకి ముందు వేరే కాలక్షేపం లేదు.

"ఈ వస్తువు ఏమిటి?" అంది డన్‌ఫీ గారు.

"భోజనం అందించే సాధనమండీ," అంది టీగ్.

"మేకు ఎందుకు?"

"సంచి జారకుండా," అని నొరీన్ లేచి నిలబడింది. ఆదివారాల నీలం గౌను వేసుకుంది. "ఇన్నేళ్లలో ఒక్కసారీ జారలేదండీ."

"మీ వంతు వస్తుంది, కూర్చోండి."

టీగ్ జరిగింది జరిగినట్టు చెప్పింది. నొరీన్ ప్రశ్నలేమీ అడగలేదు, కానీ టీగ్ తిండి సరిగ్గా తినడం లేదని మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేసింది. తర్వాత క్లారీని పిలిచారు. పెళ్లినాటి కోటు గుండీలు పట్టక తెరిచే ఉంచాడు. ప్రమాణం చేశాడు. నొరీన్ ఎదురుగా నిలబడింది. ఆమె పెదాలు ముందే ఆ వాక్యాన్ని ఉచ్చరిస్తున్నాయి, బడిపిల్లాడికి అందించినట్టు.

"క్లారెన్స్ హాక్రిడ్జ్, నేను నీ పక్కనుంచి కారు నడిపినప్పుడు నీకెలా ఉంటుంది?"

క్లారీ కాళ్ల కిందున్న తెల్లగీత వంక చూశాడు.

"భయంగా ఉంటుంది," అన్నాడు.

హాల్లో ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

"లారీల సంగతి కాదు అడిగింది," అంది నొరీన్ ఓపిగ్గా. "నేను. నేను వచ్చినప్పుడు."

"నువ్వు వచ్చినప్పుడే. లారీలకి నేను భయపడను నొరీన్. వాటి చప్పుడు వినపడుతుంది. కంచె దూకేస్తాను. నువ్వు ఎటు దూకుతావు?"

డన్‌ఫీ గారు పెన్ను పెట్టేసింది. "వివరంగా చెప్పండి."

"ఈవిడ నడిపేటప్పుడు నన్నే చూస్తుందండీ. అద్దంలో చూడదు. వెనకనుంచి గోధుమ లారీ వస్తుంటుంది. వాడికి నా పసుపు దీపాలు కనిపిస్తాయి. దీపాల పక్కన తెల్లకారొకటి పాకుతోందని వాడికేం తెలుసు? బరువుతో ఉన్నవాడు, నిలవమంటే నిలుస్తాడా? నేను సంచి వంక ఎప్పుడూ చూడను. దాని వెనకే చూస్తాను. లారీ ఎంత దూరంలో ఉంది, ఈవిడ ఎప్పుడు కదులుతుంది అని." అతను కోటు అంచు నలుపుతున్నాడు. "ఆ తర్వాత తిండి సయించదు. చాలాసార్లు కాకులకేశాను."

నొరీన్ ముఖం ఎర్రబడి, తెల్లబడింది. "మరి డిక్కీ మీద కొడతావే? ముద్దుగా, రెండుసార్లు?"

"ముద్దు కాదు. తొందరగా పొమ్మని."

ఈసారి హాలంతా నవ్వింది. నొరీన్ నవ్వలేదు. అడగాల్సినవి ఇంకా ఉన్నాయేమో అని డన్‌ఫీ గారు కాసేపు ఆగింది. "కాకులకా?" అని మాత్రం అంది నొరీన్, ఎవరితోనూ కాదన్నట్టు. కూర్చుంది.

తప్పు తప్పే అని తేల్చింది మేజిస్ట్రేటు. పాయింట్లు పడతాయి. అయితే చట్టంలోనే ఒక దారుందని చెప్పింది: ఏడాదిపాటు ఒక్క తప్పూ లేకుండా నడుపుతానని ఒప్పుకుంటే లైసెన్సు ఉంటుంది. మధ్యలో చిన్న తప్పు చేసినా లైసెన్సు రెండింతల కాలం పోతుంది. నొరీన్ తల ఊపింది. కర్ర వెనక్కి కావాలా అని టీగ్ అడిగితే వద్దంది.

లారీలో ఇంటికి వస్తుంటే ఆమె ధాన్యం గోదాములు దాటేదాకా మాట్లాడలేదు. నొరీన్ అంతసేపు మాట్లాడకపోవడం క్లారీ ఎరగడు. ఇంజనులో ఏదో చప్పుడు తేడాగా ఉందనిపించి రెండుసార్లు చెవి ఒగ్గాడు.

"ఇన్నేళ్లు," అంది చివరికి. "ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"చెబితే రావడం మానేస్తావని."

ఆమె అతని వైపు తిరిగింది.

"రోడ్డు మీద పొద్దంతా ముక్కూమొహం తెలియని వాళ్లే నొరీన్. అందరూ కోపంగా ఉంటారు, బండి నేనే పాడుచేసినట్టు. నువ్వొస్తే... గుండె నోట్లోకొచ్చేది. రాకపోతే, ఎందుకు రాలేదా అని రోడ్డుకేసే చూసేవాణ్ణి."

నొరీన్ చేతిసంచి తెరిచి రుమాలు వెతికింది. దొరక్కపోతే అతని కోటు చేత్తోనే ముక్కు తుడుచుకుంది. "కాకులకి వేశాడట నా పై," అంది.

శనివారం ఒక గొర్రెల వ్యాపారి ట్రక్కు చెడింది. నొరీన్ మామూలుగానే సామాను సర్ది, కాలరు సర్ది, నలిగిపోకుండా రమ్మంది. తిండి ఊసెత్తలేదు. క్లారీ కోన్లు పెట్టాడు, బల్ల జార్చాడు. గొలుసు బిగిస్తూ మాటిమాటికీ రోడ్డు వంక చూశాడు. గొర్రెలు అరుస్తున్నాయి. వ్యాపారి అంతకంటే ఎక్కువ అరుస్తున్నాడు. గొలుసు రెండుసార్లు తప్పుగా పడింది.

అప్పుడు తెల్లకారు కనిపించింది. చాలా దూరంలోనే దీపం మిణుకుమిణుకుమంటూ పక్క వరసకి జరిగింది. నలభైకి ఒక్క పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు. లోపల నొరీన్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మెడ బిగించి, పరీక్ష రాస్తున్న పిల్లలా రోడ్డునీ అద్దాన్నీ మార్చి మార్చి చూస్తోంది. క్లారీ వైపు కన్నెత్తి చూడలేదు. అలాగే సాగిపోయింది. ఎన్నాళ్లనుంచో చూస్తున్న కారు, అంత దూరంనుంచి పోతుంటే ఎవరిదో అనిపించింది. అతను చెయ్యెత్తాడు, చూసేవాళ్లు లేరు.

"ఎవరావిడ? భలే పద్ధతిగా నడుపుతోంది," అన్నాడు వ్యాపారి.

"మా ఆవిడే," అన్నాడు క్లారీ.

పని ముగించి, ట్రక్కుని బల్ల మీద కట్టుకుని బయల్దేరాడు. కొంచెం ముందుకెళ్తే లారీలు ఆగడానికి రోడ్డుకి దూరంగా గులకరాళ్ల జాగా ఒకటుంది. అక్కడ చెట్టు నీడన తెల్లకారు. డిక్కీ మూత మీద గళ్ల గుడ్డ పరిచి, పై కోసి, రెండు కప్పుల్లో టీ పోసి, నొరీన్ ఈగలు తోలుతోంది. వ్యాపారికి కూడా ఒక ముక్క చేతిలో పెట్టి లారీలోనే కూర్చోమంది.

ఇద్దరూ కారు వెనక బంపరు మీద కూర్చున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో పనిరోజున మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని తినడం అదే మొదలు. క్లారీ రెండో ముక్కకి చెయ్యి చాపాడు. నొరీన్ చూడనట్టు చూసింది.

"ఆపావు కదా," అన్నాడు నోటినిండా పైతో. "ఇప్పుడు మళ్లీ వీడ్కోలు చెప్పాలేమో."

"చెప్పను. నువ్వు ముందు పద, నేను వెనకాలే వస్తాను. అది వీడ్కోలు కాదు, ఊరేగింపు."

గొర్రెలు, వ్యాపారి, క్లారీ ముందు. వెనక ఎంత ఎడం ఉండాలో అంత ఎడంలో నొరీన్. అలాగే ఊళ్లోకి వచ్చారు.

ఆ కోతలకాలమంతా, ఆ తర్వాతి వేసవి, చలికాలం అలాగే తిన్నారు. ఒక్కోసారి టీగ్ కూడా వచ్చి కూర్చునేది. కొంచెం ఒళ్లు చేసింది. గడువు ఏడాది ఒక్క తప్పూ లేకుండా గడిచింది. గడిచాక కూడా నొరీన్ పక్క వరసలోంచే వెళ్లింది. చెట్టు నీడనే ఆగింది. క్లారీ మీదికి ఏ లారీ రాలేదు. డెబ్బై రెండో ఏట బండి అమ్మేశాడు. ఇప్పటికీ బూరాలిన్‌లోనే ఉన్నాడు.

నొరీన్ గుండె పరీక్షకని పెర్త్ రైలెక్కింది. రెండు రోజుల్లో రావాలి. తిరిగి రాలేదు, అక్కడే గుండె ఆగిపోయింది. 2020 ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం.